‘ఆగు’ అన్న కార్డుతో పర్ణశాల నుంచి మణుగూరుకు

పోయిన నెల కిన్నెరసాని ఒడ్డున, ప్రశ్న తలచుకుని తీసే ఒరాకిల్ కార్డులు పరిచిన ఫొటో ఈ బ్లాగులో పెట్టినందుకు నాకు పడిన తిట్లు మీలో చాలామంది చదివే ఉంటారు. పుణ్యక్షేత్రాలకు పేకముక్కలు పట్టుకుపోతావా అని ఒకరు, చదువుకున్నదానివి నీకీ పిచ్చేమిటని ఇంకొకరు. ఒకరి లెక్కలో నాకు భక్తి తక్కువైంది, మరొకరి లెక్కలో ఎక్కువైంది. ఆ వ్యాఖ్యల్లో ఒక్కటి కూడా తీసేయలేదు. ఈసారి అవే కార్డులు సంచిలో వేసుకుని భద్రాచలం, పర్ణశాల వెళ్ళాను. ఏ కార్డు పడిందో, పడ్డాక ఏం చేశానో దాచకుండా రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట. ఖమ్మంలో నాకు శుభలేఖలు అచ్చువేసే చిన్న షాపుంది. మొదట్లో నేను కొన్న ఇంగ్లిషు కార్డుల మీద తోడేళ్ళు, మంచుకొండలు ఉండేవి. కంటితో చూడని వాటిని ఏమని అడగను? అందుకే షాపులో మిగిలిన అట్టల మీద నలభై కార్డులు నేనే అచ్చు వేసుకున్నాను. ఒక్కోదాని మీద ఒక బొమ్మ, కింద ఒక మాట. రేపేం జరుగుతుందో అవి చెప్పవు. పవిత్రమైన చోట కాసేపు మౌనంగా కూర్చుని, మనసులో నలుగుతున్నదాన్ని ఒక్క ప్రశ్నగా చేసుకుని, కార్డు తీసి, ఆ మాటను ఆ చోటులోనే ఉండి ఆలోచిస్తాను. చోటుకు శక్తి ఉంటుందని నేను నమ్ముతాను. తరతరాలుగా అంతమంది కన్నీళ్ళతో ముట్టుకున్న రాయి ఉత్త రాయిలా ఉండదు.

ఈసారి నా ప్రశ్న మా చెల్లెలు రమ గురించి. తొమ్మిదేళ్ళ కిందట రమ సాదిక్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. మణుగూరులో కుట్టు మిషన్లు బాగుచేసే షాపు అతనిది. మా అన్న ఆ రోజే ఆమె పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తలేదు. పెళ్ళికి వెళ్ళలేదు, ఆ తర్వాత వచ్చిన మూడు ఫోన్లూ ఎత్తలేదు. పోయిన నెలాఖరున శుభలేఖల కోసం మణుగూరు నుంచి వచ్చిన ఒకావిడ, మాటల్లో మాటగా, మీ చెల్లెకు గర్భసంచి తీసేశారు, ఇంకా లేచి తిరగలేకపోతున్నదని చెప్పింది. నాకు తెలిసే ఉంటుందనుకుంది పాపం. తెలిసినట్టే తలూపాను. ఆ తలూపడం నన్ను పది రోజులు నిద్రపోనివ్వలేదు. వెళ్దామనుకుంటున్నానని అన్నతో చెప్పేశాను. కానీ రమ తలుపు తీస్తుందో లేదోనన్న భయం మాత్రం అన్న కోపం కంటే పెద్దది.

ఉదయం ఆరింటికి ఖమ్మం బస్టాండులో ఏన్కూరు, కొత్తగూడెం మీదుగా పోయే భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెలంగాణ ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టికెట్ లేదు, అసలు కార్డే తీసుకెళ్ళండి. ఏన్కూరు దగ్గర మిరప తోటల మీద మంచు ఇంకా విడలేదు. అప్పుడే అన్న ఫోన్ చేశాడు. నాన్న ఉంటే ఇట్ల చేసేదానివా అని మొదలుపెట్టి, చివరికి ఒక్క మాట అన్నాడు.

“ఆమె గడప తొక్కినంక మా గడప తొక్కకు.”

ఎప్పటిలా ‘సరే అన్నా’ అనలేదు. ‘విన్న’ అన్నాను, అంతే. పాల్వంచలో రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు టిఫిన్ డబ్బాలతో ఎక్కి, కూర్చున్న వెంటనే నిద్రపోయారు. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య రోడ్డు. తొమ్మిదిన్నరకు వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి సగం ఇసుక, సగం నీళ్ళు.

మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి ముందు దర్శనం చేసుకున్నాను. మామూలు రోజు కావడంతో ముప్పావు గంటలో అయిపోయింది. తర్వాత ఘాట్ మెట్ల మీద జనం లేని ఒక మూల తువ్వాల పరిచి కార్డులు పెట్టానో లేదో, స్నానం చేసి వస్తున్న ఒక పెద్దాయన ఆగిపోయాడు. గోదారి ఒడ్డున పేకాటేంటని గొంతు పెంచాడు. చుట్టూ నలుగురు చేరారు. చేతికొక కార్డు ఇచ్చి చూడమన్నాను, ముట్టుకోలేదు. హోంగార్డును పిలిచాడు. ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది, పాల్వంచ మనిషినని తర్వాత చెప్పింది. నేను ఆ పెద్దాయనతోనే అన్నాను:

“బయట చిలక తీస్తే జోస్యం అంటరు, ఒక ఆడమనిషి తనకోసం తాను తీసుకుంటే పేకాటనా?”

ఆ అమ్మాయి కార్డులన్నీ తిరగేసి చూసింది. వాగు, వంతెన, ఉప్పు రాళ్ళు, తునికాకు కట్ట. పందెం లేదు, పైసలు లేవు, కూసోనియ్యండి సారూ అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. కోపంతో అడిగిన ప్రశ్న ప్రశ్న కాదు, అందుకే అక్కడ కార్డు తీయలేదు. కానీ వెంటనే లేచి పోలేదు కూడా. పావుగంట అదే మెట్టు మీద కూర్చున్నాను.

పర్ణశాల అక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లు, దుమ్ముగూడెం దారిలో గంట ప్రయాణం. రానూపోనూ, అక్కడ గంట ఆగడానికి ఎనిమిది వందలకు వెంకన్న అనే ఆటో ఆయన ఒప్పుకున్నాడు. యాభై దాటిన మనిషి. పత్తి చేలు, మధ్య మధ్య అడవి. దారంతా అడగకుండానే చెప్పాడు, సీతమ్మ వనవాసంలో ఉన్న చోటు ఇదేనని, మరిది గీసిన గీత దాటింది కాబట్టే అంత కష్టం వచ్చిందని.

సీతమ్మ వాగులో మోకాలు కూడా మునగని నీళ్ళు. ఎర్రటి, పసుపు చారల రాళ్ళ మీద పసుపు కుంకుమలు చల్లి ఉన్నాయి. ఈసారి ముందే అడిగాను. గాజులు, పసుపు అమ్ముకునే ముసలమ్మ, నా బుట్టకు అడ్డం కాకుంటే యాడన్న కూసో బిడ్డా అంది. చెప్పులు విప్పి, పాదాలు నీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఎండ, నీటి చప్పుడు, ఎవరో గంట కొట్టిన శబ్దం. కొంతసేపటికి ఊపిరి దానంతటది నెమ్మదించింది. నా చుట్టూ ఉన్నది నన్ను మోస్తున్నట్టు అనిపించింది. దాన్ని శక్తి అనడానికి నాకు సిగ్గు లేదు. అప్పుడు అడిగాను, రమ దగ్గరికి వెళ్ళనా అని.

మూసిన గేటు బొమ్మ. కింద ‘ఆగు’.

నా చేత్తో గీసిన బొమ్మ, నా షాపులో అచ్చయిన మాట. కోపం వచ్చింది. నలభైలో అదే ఎందుకు పడాలి, అదీ గీత దాటొద్దని అందరూ బుద్ధులు చెప్పే ఈ చోట? ఆ కార్డు వైపు చూస్తూనే కూర్చున్నాను. వెంకన్న చెప్పిన కథ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. సీతమ్మ గీత దాటింది సరదాకు కాదు. వాకిట్లో ఒకరు ఆకలి అన్నారని, లేదని పంపడం చేతకాక దాటింది. మోసం చేసింది వచ్చినవాడు. మరి ఇన్నేళ్ళూ తప్పంతా ఆమె పాదాల మీద ఎందుకు వేస్తున్నాం? నేను తొమ్మిదేళ్ళు గీత లోపలే ఉన్నాను. ఒక్క పూట కూడా క్షేమంగా లేను.

ఆటో దగ్గరికి వస్తే వెంకన్న ఏం కార్డు పడ్డదని అడిగాడు. చూపించాను.

“మరి ఆగుతవా అమ్మా?”

“మణుగూరు బస్సు ఎన్నింటికి?” అన్నాను.

మూడింటికి ఉన్నదని చెప్పి, రెండు నలభైకల్లా నన్ను భద్రాచలం బస్టాండులో దించాడు. వంతెన దాటి సారపాక, అశ్వాపురం మీదుగా గంటా పదిహేను నిమిషాలు. బొగ్గు లారీల వెనక మన బస్సు నెమ్మదిగా పోతుంది, కిటికీ మూసుకోండి. మణుగూరులో దిగి కుట్టు మిషన్ల షాపు అని అడిగితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెయ్యి చూపించారు.

సాదిక్‌ను నేను ఫొటోలో తప్ప చూడలేదు. అతను మాత్రం నన్ను చూడగానే చేతిలోని నూనె గుడ్డ పక్కన పెట్టి లేచాడు. రమ పోలికలు పట్టించి ఉంటాయి. ఒక్క ప్రశ్న వేయలేదు.

“రండి వదినా, ఇల్లు ఎనకనే,” అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ వరసతో నన్నెవరూ పిలవలేదు. అతని వెనకే నడిచాను.

రమ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. చిక్కిపోయింది. లేవబోయి పొత్తికడుపు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఏడవలేదు. నేను ఏడ్చాను.

“అన్నకు తెల్వకుండ వచ్చినవా?”

“చెప్పే వచ్చిన.”

“ఫోన్ ఎందుకు ఎత్తలే అక్కా?”

భయపడ్డానని చెప్పాను. అది నిజం, సరిపోయే జవాబు మాత్రం కాదు. రమ క్షమించానని అనలేదు. వంటింట్లో బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పింది. నేను అన్నం, టమాటా పప్పు వండాను. సాదిక్ షాపు మూసి పెరుగు తెచ్చాడు. తినబోతుంటే అన్న ఫోన్. ఎక్కడున్నావన్నాడు. రమ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“రమ ఇంట్ల ఉన్న అన్నా. అన్నం తింటున్నం. మాట్లాడతవా?” అన్నాను.

పెట్టేశాడు. ఇది రాసేనాటికి పన్నెండు రోజులు. రోజూ నేనే చేస్తున్నాను, ఎత్తడం లేదు. ఆపను.

కార్డు ఆగు అన్నది, నేను ఆగలేదు కదా, ఇక వాటిని నమ్మడమెందుకని మీలో కొందరు రాస్తారని తెలుసు. రాయండి. నేను కార్డులను ఆజ్ఞ కోసం తీయను. పర్ణశాలలో ఆ మాట చూసిన క్షణం నాలో లేచినదే నా జవాబు, అది లేచేంత నిబ్బరం నాకు ఆ నీళ్ళ దగ్గర దొరికింది. పవిత్రమైన చోటు మనల్ని బుద్ధిగా తలొంచుకోమనే చెబుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. నాకు అక్కడ తల ఎత్తుకునే బలం వచ్చింది. దీన్ని భక్తి కాదంటే, ఆ పేరు మీరే ఉంచుకోండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా. మణుగూరు నుంచి సాయంత్రం తర్వాత ఖమ్మం వైపు బస్సులు తక్కువ, కాబట్టి తిరుగు ప్రయాణం అదే రోజుకు పెట్టుకోకండి. ఒక జత బట్టలు సంచిలో వేసుకోండి. నేను వేసుకోలేదు, రెండు రోజులు రమ చీరలే కట్టుకున్నాను.