రేపంటే లేదని

ఆ ఏడు వేరుశనగ కాయ పట్టకముందే ఎండిపోయింది. మేత దొరక్క పాలిచ్చే ఎనుమును సంతకు తోలేశాం. మా ఆయన బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి వెళ్లిపోయాడు. అనంతపురానికి గంట దూరంలోని మా పల్లెలో నేనూ, మూడో ఏడు నడుస్తున్న నా కూతురూ మిగిలాం.

పాలు అడిగితే "రేపమ్మా" అనేదాన్ని. నాయన ఎప్పుడొస్తాడంటే "రేపు" అనేదాన్ని. లేదని చెప్పడానికి నోరు రాక అన్న మాట అది.

ఒకరోజు పక్కింటి అవ్వ వచ్చి, "ఏం పాపా, మీ నాయన యాడ?" అని అడిగింది.

"నాయన రేపు."

"రేపొస్తాండాడా?" అని అవ్వ సంబరపడింది.

పాప ఖాళీ కడవ చూపించి "నీళ్లు రేపు" అంది. కట్టుగుంజ చూపించి "ఎనుము రేపు" అంది. అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను రేపన్న ప్రతిసారీ ఏదీ రాలేదు కదా. రేపంటే లేదని బిడ్డ తనకు తానే తేల్చుకుంది.

ఆ ఎండాకాలమే దానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకు కళ్లు గుంతలు పడ్డాయి. భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తి బస్సెక్కాను.

ఆసుపత్రిలో నర్సమ్మ, "ఉచ్చ పోస్తాందా?" అని అడిగింది. నాకు తెలియలేదు. బట్టలన్నీ ఎప్పుడూ తడిసే ఉన్నాయి. ఆమె పాప మీదికి వంగి మళ్లీ అడిగింది.

"రేపు" అని గొణిగింది పాప.

"తెలివి తప్పి మాట్లాడతాంది" అంది నర్సమ్మ.

ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "కాదక్కా, తెలివిగానే ఉండాది. రేపంటే లేదని. నేను నేర్పినదే."

ఆమె నా మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా సెలైన్ తెచ్చింది. నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. సూది ఎన్నిసార్లు గుచ్చినా బిడ్డ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నేను అనుకుంటూనే ఉన్నాను.

బతికింది. మూడో రోజు కళ్లు తెరిచి, "అమ్మా, పాలు" అంది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "లేవు తల్లీ" అన్నాను.

నా మొహంలోకి చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఊరికి వచ్చాక చాలా రోజులు అది నన్నేమీ అడగలేదు.