మీకెందుకు మామయ్య ఫోన్ నంబరు

ఒక జత బూట్ల తాళ్ళు కొనుక్కోవడానికి మనిషి పుట్టినరోజు ఎందుకు చెప్పాలి? ఎన్నేళ్ళు ఆలోచించినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. ఒక వయసు దాటాక మనిషి జవాబులు వెతకడం మానేసి, అడిగిందల్లా చెప్పేసి, సంచీ పట్టుకుని ఇంటికొచ్చి పడతాడు. చెప్పకుండా ఇంటికొచ్చిన మనిషి ఒకే ఒక్కడు. ఆయన్ని అందరూ మీకెందుకు మామయ్య అంటారు.

ఎవరు ఏమడిగినా చెప్పకపోవడమే ఆయన ప్రత్యేకత. ఫోన్ నంబరడిగినా, వయసడిగినా, ఆఖరికి "బాగున్నారా?" అన్నా ఒకటే జవాబు, "మీకెందుకండీ?" ఆ మాట కోపంగా అనడు. ఎంతో మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడుగుతాడు. ఎదుటివాళ్ళకు తిక్క రేగేది అందుకే.

ముప్పై ఏళ్ళు తాళాలు బాగుచేసి బతికిన మనిషి. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు ఆకురాయీ తీగముక్కా పట్టుకుని వెళ్ళి బీరువాలు తెరిచేవాడు. "తెరవడం వరకే మన పని. లోపల ఏముందో చూడకూడదు," అనేవాడు. తాళం టిక్కుమన్న మరుక్షణం ఆయన తల దానంతటదే పక్కకు తిరిగిపోయేది. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఫ్రిజ్ తెరిచినా తల తిప్పుకుని చేత్తో తడుముకునేవాడు. పాలనుకుని ఇంకేదో టీలో పోసుకున్న రోజులున్నాయి.

మేనకోడలూ, ఆమె తల్లీ కింద ఉంటారు. ఆయనది మేడమీది ఒంటిగది. చెల్లెలికి గానీ, మేనకోడలికి గానీ ఆయన నంబరు తెలియదు.

"అవసరమొస్తే ఎలా మామయ్యా?"

"ఇంట్లో చీపురు లేదూ?"

ఉంది. పొడుగు కర్రతో పైకప్పు మీద మూడుసార్లు కొడితే భోజనం. ఐదుసార్లు కొడితే చుట్టాలు. చుట్టాలంటే ఆయన దిగిరాడు కాబట్టి ఐదు ఎవరూ కొట్టేవారు కాదు. చుట్టాలొచ్చినా మూడే కొట్టి కిందికి రప్పించేవారు.

ఇంకో సంగతి. బయటికి వెళ్తూ "వెళ్ళొస్తాను" అని చచ్చినా అనడు. అంటే ఎదుటివాళ్ళు "ఎక్కడికి?" అంటారు. ఎందుకొచ్చిన గొడవ?

ఆయనతో దుకాణానికి వెళ్ళడమంటే మేనకోడలికి ప్రాణసంకటం. వెనక వరసలో పదిమంది ఉండగా, కౌంటర్ దగ్గర ఇదీ వరస:

"నంబరు చెప్పండి సార్."

"తాళ్ళకు నంబరెందుకమ్మా?"

"నంబరు లేకపోతే బిల్లు రాదు సార్."

"బిల్లొద్దు."

"బిల్లు లేకుండా తాళ్ళివ్వకూడదు సార్."

"సరే, బూట్లు తాళ్ళు లేకుండానే వేసుకుంటాను."

"మామయ్యా, నీకు దణ్ణం పెడతాను, చెప్పెయ్," అనేది మేనకోడలు తలొంచుకుని.

చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. తన వృత్తిలో మొట్టమొదట తెరిచిన ఇనప్పెట్టె తాళం మీద పది అంకెలు చెక్కి ఉండేవి. పెట్టె తుక్కులోకి పోయింది గానీ అంకెలు ఆయనకు కంఠతా వచ్చు. ఆ రోజు నుంచీ ప్రతి దుకాణంలోనూ ఆ పదంకెలే గడగడా అప్పజెప్పేవాడు. "ఇది తాళం నంబరే. లోకంలో మనుషులెవరికీ ఉండదు," అని బయటికొచ్చాక ముసిముసిగా నవ్వేవాడు. పుట్టినరోజు మాత్రం దుకాణానికొకటి చెప్పేవాడు. అలా తొమ్మిదేళ్ళలో ముప్పై ఏడు దుకాణాలు.

వరసలో వెనక నిలబడీ నిలబడీ మేనకోడలికి కూడా ఆ నంబరు కంఠతా వచ్చేసింది. పాపం, ఆమె ఉద్యోగం కూడా అలాంటి చోటే. చాలా దుకాణాలకు కలిపి పాయింట్ల కార్డులు నడిపే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం ఆమె పని. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక కాలికి కుర్చీ తగిలినా "చింతిస్తున్నాం" అనేది.

ఒక ఆదివారం పొద్దున తలుపు దబదబా మోగింది. మేనకోడలు తీసింది. మెడలో కొలత టేపు వేసుకున్న ఒకావిడ ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"తొమ్మిదో సైజు చెప్పులాయన ఇల్లు ఇదేనా?"

"ఎవరండీ?"

"కుడి మోకాలు నొప్పి. కళ్ళద్దాలు పోయిన ఏడు మార్చాడు. దుప్పటి గళ్ళది కొని, మళ్ళీ తిరిగిచ్చి చారలది తీసుకున్నాడు. ఏడాదికి ముప్పై ఏడు పుట్టినరోజులు. ఆయనెక్కడ?"

ఇవేవీ మేనకోడలికి తెలియవు. పుట్టి బుద్ధెరిగాక మామయ్య గురించి ఇన్ని సంగతులు ఒక్కసారిగా వినడం అదే మొదలు. చీపురు తీసి పైకప్పు మీద మూడుసార్లు కొట్టింది.

మామయ్య మెట్లు దిగి వచ్చాడు. ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మీరేనన్నమాట! మనిషి ఇంకా లావుగా ఉంటాడనుకున్నాను. నడుం బెల్టు కొలత అలా ఉంది మరి."

"నా నడుం సంగతి మీకెందు..."

"నాకెందుకా? తొమ్మిదేళ్ళుగా మీకు రావలసిన ప్రతి ఫోనూ నాకొస్తోంది కాబట్టి!"

ఆవిడ దర్జీ. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. తాళం మీది ఆ పదంకెలూ ఆవిడ నంబరే. రోజుకు పాతిక ఫోన్లు. పరుపు కావాలా, ప్రయాణం కావాలా, చెప్పులరిగాయా, పుట్టినరోజు శుభాకాంక్షలు. విసిగిపోయి తెలియని నంబరంటూ వస్తే ఎత్తడమే మానేసింది. సరిగ్గా అప్పుడే ఒక బడివాళ్ళు రెండువందల జతల యూనిఫారాలు కుట్టించడానికి మూడుసార్లు ఫోన్ చేశారు. చెప్పుల దుకాణమనుకుని మూడుసార్లూ కట్ చేసింది. ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోయింది.

"తరవాత నేనే బడికెళ్ళి అడిగితే, రెండో విడత గురించి వచ్చే నెల మొదటివారంలో చేస్తామన్నారు. ఏ నంబర్నించి చేస్తారో తెలియదు. అందరివీ ఎత్తానంటే మిషను తొక్కడానికి కాలుండదు. ఎత్తకపోతే పనుండదు. ఇదీ పోతే మిషను అమ్ముకోవడమే."

"నంబరు మార్చుకోకూడదూ?" అంది మేనకోడలు, ఉద్యోగం అలవాటుకొద్దీ.

"నా బోర్డు మీద అదే, నేను కుట్టిన ప్రతి సంచీ మీదా అదే. నేనెందుకు మార్చుకోవాలమ్మా? అసలు మీ అడ్రసు నాకెలా దొరికిందని మీకు అనుమానం రాలేదూ? మొన్న మోకాలి పట్టీ ఇంటికి తెప్పించుకున్నారు చూడండి, ఫలానా ఇల్లేనా అని నన్నడిగారు. అలా దొరికారు."

తాళం టిక్కుమన్నట్టుగా మామయ్య తల పక్కకు తిరిగిపోయింది. ఈసారి తెరుచుకున్న బీరువా ఆయనదే. ఆవిడ కాసేపు చూసి, "రాయితో మాట్లాడినట్టుంది," అని విసవిసా వెళ్ళిపోయింది.

"ఒక్క మాట, 'తప్పయిందండీ' అంటే నీ సొమ్మేం పోయింది మామయ్యా?" అని మేనకోడలు నిలదీసింది. తిరిగి చూసేసరికి ఆయన లేడు. చెప్పులూ లేవు.

ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ ఎండవేళ మాయమవడం మొదలెట్టాడు. కుంటుకుంటూ తిరిగొచ్చేవాడు. "ఎక్కడ తిరుగుతున్నావన్నయ్యా ఆ మోకాలుతో?" అంటే చెల్లెలికీ అదే జవాబు. మేనకోడలు మాట్లాడటం మానేసింది. మూడు దెబ్బలు తల్లే కొడుతోంది.

అంతకంటే పెద్ద వింత ఇంకొకటి. పైనుంచి ఫోను మోగడం వినిపించసాగింది. మొదట్లో రోజుకు ఒకటి రెండు. తరవాత పది. మూడోవారానికి అదేపనిగా.

"ఈ వయసులో మీ మామయ్యకు ఇన్ని ఫోన్లెవరు చేస్తున్నారే?" అంది తల్లి గుసగుసగా. "ఇందాక మెట్లమీద నిలబడి విన్నాను. 'పరుపు మెత్తగా ఉంటుందో గట్టిగా ఉంటుందో నాకెందుకండీ?' అంటున్నాడు."

మేనకోడలికి ఒళ్ళు మండి మౌనవ్రతం వదిలేసింది. "అయితే నువ్వూ లొంగిపోయావన్నమాట! సొంతవాళ్ళకివ్వని నంబరు పరుపులవాడికిచ్చావా?"

"నీకెందుకమ్మా?" అన్నాడాయన నీరసంగా. కళ్ళకింద నల్లగా ఉంది. లోపల ఫోను మళ్ళీ మోగింది.

నెలాఖరు రోజున ఆఫీసులో మేనకోడలికి తల పగిలిపోతోంది. అది డెబ్భయ్యో ఫోనో, డెబ్భయ్యొకటో.

"నమస్కారం సార్. మీకు ఎలా సహాయపడగలను?"

"చెప్పుల దుకాణం వాళ్ళు మీకే చెప్పుకోమన్నారు. ఒక నంబరు తీసెయ్యాలి." గొంతు వినగానే ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఆయన తాళం మీది పదంకెలూ గడగడా అప్పజెప్పాడు. మాటలన్నీ రికార్డవుతాయి, ఒక్క సొంతమాట వచ్చినా ఉద్యోగానికి ముప్పు.

"తీసేసే వీలు లేదు సార్. ఇంకో నంబరుకు మార్చే వీలు మాత్రమే ఉంది. మీ అసౌకర్యానికి..."

"చింతిస్తున్నారు. తెలుసు. ముప్పై ఆరు దుకాణాల్లోనూ ఇదే మాటన్నారు. తీసెయ్యడానికి ఎవరిదగ్గరా బటన్ లేదు. మార్చండి, ఇదే ఆఖరిది."

మేడమీద మోగుతున్న ఫోను ఆమె చెవుల్లో మోగింది. ముప్పై ఆరు దుకాణాలు. ఆ మోకాలుతో.

"మార్చడానికి కారణం చెప్తారా సార్? ఇక్కడ నింపాలి."

"మీకెందుకండీ?"

తెర మీద నాలుగు కారణాలున్నాయి. పోయింది, పాడైంది, దొంగిలించారు, ఇతరం. దర్జీ ఇంటి ప్రశాంతత కోసమని ఐదో గడి లేదు. ఇతరం నొక్కింది.

"కొత్త నంబరు చెప్పండి సార్."

ఆయన ఒక్కో అంకే వదులుతూ, ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చేస్తున్నంత మొహమాటంగా, తన సొంత నంబరు చెప్పాడు. ముప్పై ఏళ్ళ వయసు వచ్చినా మేనకోడలికి దక్కని నంబరు. ఆమె పదంకెలూ కొట్టింది. 'భద్రపరచు' నొక్కింది. టిక్కుమన్న మరుక్షణం తల పక్కకు తిప్పుకుంది.

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

"అక్కర్లేదు. క్యారేజీ ఇంట్లో మరిచిపోయావు. మీ ఆఫీసు గేటుదగ్గర ఇచ్చాను. చల్లారకముందే తిను."

టక్కున లైను తెగిపోయింది.

తరవాతి వారం దర్జీ మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు మెల్లిగా కొట్టింది. చేతిలో మోకాలికి వేసుకునే మెత్తటి గుడ్డ పట్టీ ఒకటి.

"ఆ రోజు నోరు పారేసుకున్నాను, ఏమనుకోకండమ్మా. బడివాళ్ళు చేశారు, మొదటి మోతకే ఎత్తాను. రెండో విడత రెండువందల జతలూ నాకే! ఏం మాయో గానీ, నెల తిరిగేసరికి ఫోను పూర్తిగా చప్పబడిపోయింది. మా ఇంట్లో గోడగడియారం ఉందని కూడా ఇప్పుడే తెలిసింది, చప్పుడు వినిపిస్తోంది."

మేనకోడలు చీపురు అందుకుని మూడు దెబ్బలు కొట్టింది.

మామయ్య మెట్లు దిగుతూ దర్జీని చూసి సగంలో ఆగిపోయాడు. జేబులో ఫోను మోగింది. ఆపబోయి ఏదో నొక్కాడు. గట్టిగా, చక్కెరపాకంలాంటి గొంతొకటి మెట్లంతా నిండిపోయింది. "ప్రియమైన వినియోగదారులారా, మీకు పుట్టినరోజు శుభాకాంక్షలు!"

దర్జీ ఉలిక్కిపడింది. "ఇది చెప్పుల దుకాణం పిల్ల గొంతు కదూ? తొమ్మిదేళ్ళు విన్నాను, నాకు తెలీదూ?" అని, కాసేపు మామయ్య కేసి చూసింది. ఆయన కళ్ళకింది నలుపు చూసింది. జేబు చూసింది. మెల్లగా ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఈ నెల్లో మీకిది మూడో పుట్టినరోజు కదండీ?"

మామయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. ఆవిడ చేతిలోంచి పట్టీ మాత్రం తడుముకుని తీసుకున్నాడు. తొమ్మిదో సైజు చెప్పులు కాళ్ళకు తగిలించుకున్నాడు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, మోగుతున్న జేబుతో గేటు దాటి వెళ్ళిపోయాడు.

వంటగదిలోంచి తల్లి కేకేసింది. "అన్నయ్యేనా వెళ్ళేది? ఎక్కడికే?"

మేనకోడలు చీపురు మూల పెట్టింది.

"మనకెందుకమ్మా?"