పులి సోమయ్య

సాలూరు పైనున్న కొండల్లో కిల్లో ఇంటిపేరు వాళ్లదే ఒక చిన్న ఊరు ఉండేది. ఆ ఊరి సోంబరు జర్మనీ యుద్ధం రోజుల్లో కూలీల పటాలంలో చేరి ఓడెక్కి బస్రా వెళ్లాడు. యుద్ధం అయిపోయి తొమ్మిదేళ్లవుతున్నా తిరిగి రాలేదు. ఉన్నాడని గాని పోయాడని గాని చెప్పిన వాళ్లు లేరు.

అతని భార్య కనక బెంగంతా ఒక రాయి గురించి. పోయినవాళ్లకు ఊరి చివర రాయి నిలపడం వాళ్ల ఆచారం. ఏటా కొత్త మామిడికాయ కోస్తే ముందు ఆ రాళ్ల దగ్గర పెట్టి, తరువాతే మనుషులు నోట పెట్టాలి. రాయి లేనివాడికి వాటా లేదు. పోనీ నిలిపేద్దామంటే, బతికున్నవాడికి నిలిపిన రాయి వాణ్ణి తీసుకుపోతుందని భయం. ఆ ఏడు కనకకు దగ్గు పట్టుకుంది. తనూ పోతే ఇక ఆయన ఊసెత్తేవాళ్లే ఉండరని, ఏదో ఒక కబురు కనుక్కోమని కూతురు సోంబారిని పోరుపెట్టేది. బస్రాలో ఇంకో ఆవిడతో కాపురం పెట్టి ఉంటాడని ఊరివాళ్లు ఆడిపోసుకునేవారు. కనక ఆ మాట చెవిన వేసుకునేది కాదు.

సోంబారి అడ్డాకులు అమ్మడానికి సాలూరు దిగినప్పుడల్లా జగన్నాథరావును బతిమాలేది. ఆయన పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. పింఛనుకు విజయనగరం వెళ్లినప్పుడు అక్కడి కచేరీలో అడిగి వచ్చేవాడు. ఎన్నిసార్లు అడిగినా కిల్లో సోంబరు అనే మనిషే చేరలేదన్నారు.

ఒక సంతరోజు, ఆకులు కొనే వరహాలమ్మ కొట్టు అరుగు మీద కూర్చుని ఆయన మళ్లీ అదే కబురు చెప్పాడు. కట్టలు విప్పి చూస్తున్న వరహాలమ్మ, సోములమ్మా, ఈ ఆకులో అన్నం తింటే సగం నేల మీదే పడుతుంది కదే అని వేళాకోళమాడింది. సోంబారికి నవ్వు రాలేదు.

"నా పేరు సోంబారి, అమ్మా. సోమారం నాడు పుట్టినాను. మీ నోరు తిరక్క సోములమ్మని సేసినారు. మా అయ్యనేటి సేసినారో."

జగన్నాథరావు నోట్లోంచి చుట్ట తీశాడు.

"కిల్లో అంటే ఏటే గుంటా?"

"పులి, బాబూ."

"అయితే పులి సోమయ్య అని రాసుంటారు," అన్నాడు ఆయన, తనలో తను అనుకున్నట్టు.

తరువాతి పింఛనుకు వెళ్లినప్పుడు కాగితం రాయించుకుని వచ్చాడు. మోకాళ్ల నొప్పులతోనే కొండెక్కి, కనక గుమ్మం ముందు కూర్చుని చదివి చెప్పాడు. పులి సోమయ్య, సాలూరు. బస్రా రేవులో మూటల పని. యుద్ధం ముగిసిన ఏడే జ్వరంతో ఆస్పత్రిలో పోయాడు.

కనక ఒప్పుకోలేదు. సాలూరులో వీధికొక సోమయ్య ఉంటాడని, ఎవడి చావో తెచ్చి తన మొగుడి నెత్తిన పెట్టొద్దని అంది. జగన్నాథరావు చిన్నబుచ్చుకుని కాగితం మడిచాడు. ఇంకో ముక్క ఉంది గాని అది పనికొచ్చేది కాదన్నాడు. అదీ చదవమంది సోంబారి.

సోమయ్యకు ఒకసారి శిక్ష పడింది. చెట్ల నుంచి కొత్తగా దింపిన ఖర్జూరపు కాయలు కూలీలకు పంచితే తను తినలేదు, పక్కవాళ్లనూ తిననివ్వలేదు. ఎందుకని అడిగితే పెద్దలకు ఇంకా పెట్టలేదన్నాడు. మాట వినలేదని ఎండలో నిలబెట్టారు.



"అక్కడా కొత్త ముట్టనేదు," అంది కనక. "ఆడే."

ఏడుపు కూతురికి వచ్చింది. కనక మాత్రం ఖర్జూరం ఎలా ఉంటుందని హవల్దారును అడిగింది. తియ్యగా ఉంటుందని ఆయన చెప్పాడు.

మామిడి పిందె పడకముందే వాగులోంచి రాయి మోసుకొచ్చారు. చచ్చినవాణ్ణి పిలిచి రాయి దగ్గరకు తేవాల్సినవాడు దిసారి, అంటే వాళ్ల పూజారి. కాగితంలో పేరు వేరుగా ఉందట గదా, ఏ పేరున పిలవమంటావని అతను కనకను అడిగాడు.

"రెండూ పిలు. అక్కడ అందరూ సోమయ్యా, సోమయ్యా అంటే ఆ పేరుకే పలుకుతన్నాడేమో."

దిసారి ముందు సోంబరూ అని, ఆ తరువాత సోమయ్యా అని పిలిచాడు. మగవాళ్లు రాయిని గోతిలోకి దింపి చుట్టూ మట్టి తొక్కారు. అది కదలకుండా నిలిచేదాకా కనక రెండు చేతులా పట్టుకునే ఉంది.