సగం చదివిన చైనా పుస్తకం

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీల్లోనే. కువైట్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఫింటాస్‌లో మా ఫ్లాటుకు దగ్గర్లోని లైబ్రరీలో, చైనా కుటుంబాల్లో పిల్లల పెంపకం గురించి ఓ ఇంగ్లిషు పుస్తకం దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పిల్లల్ని అదుపులో ఉంచడం కూడా అక్కడ ప్రేమ కిందికే వస్తుందని అందులో ఉంది. సగం అయ్యేసరికి గడువు తీరింది. అర్థమైందిలే అనుకుని తిరిగిచ్చేశాను.

మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. ఫ్రిజ్ తలుపు మీద టైంటేబుల్ అంటించాను. బొమ్మలు వేసుకునే రంగులు బీరువాలో పెట్టి తాళం వేశాను. లెక్కల్లో తొంభై ఒకటి తెస్తే, మిగతా తొమ్మిదీ ఎక్కడ పోయాయని అడిగాను. ఏం చెప్పినా "సరే నాన్నా" అనేది. దారికొచ్చిందని మురిసిపోయాను.

మా ఆవిడే ఓ రోజు నిలదీసింది.

"ఏవండీ, మూడు వారాలైంది, పిల్ల నోట 'సరే' తప్ప ఇంకో మాట లేదు. అన్నం దగ్గర్నుంచి సగంలో లేచిపోతోంది. ఇంతకీ ఆ పుస్తకం పూర్తిగా చదివారా?"

"చదివాను," అన్నాను. అబద్ధం.

శనివారం మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, రెండో సగం అక్కడే కూర్చుని పూర్తి చేశాను. కోప్పడిన తల్లి కాసేపటికి పండ్లు కోసి పిల్ల గదికి తీసుకెళ్తుందట. క్షమించమని నోటితో అనదట. ఆ పళ్ళెం చూస్తే పిల్లకు అర్థమవుతుందట. మందలింపు మాత్రమే దక్కిన పిల్లలు లోలోపల నలిగిపోతారని కూడా అక్కడే ఉంది. నేను ఇంటికి మోసుకొచ్చింది ఆ మందలింపు ఒక్కటే.

దార్లో జామకాయలు కొన్నాను. ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి, పక్కనే బీరువా తాళంచెవి పెట్టి, గది తలుపు తట్టాను. నిజం చెప్పకుండా వెనక్కి రాకూడదని గట్టిగా అనుకున్నాను.

"అమ్మడూ, ఆ పుస్తకం నేను సగమే చదివాను."

తలెత్తి చూసింది. "సగానికే ఖలాస్ అనేసి నా రంగులు లాగేసుకున్నావా నాన్నా?"

"అవును. తప్పు నాదే."

ఓ ముక్క తీసుకుని చెప్పింది, పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే కడుపులో నొప్పి వస్తోందని, మార్కులు చెప్పాలంటే ఇంటికి రాబుద్ధి కావడం లేదని. సలహా ఇవ్వబోయి ఆగాను. ఆ పూట వినడమే నా పని. తను చెబితే తప్ప ఇక మార్కులు అడగనని మాటిచ్చాను. ఇప్పటికీ తప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళి టైంటేబుల్ చింపేసి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"కారం సరిపోలేదు నాన్నా," అంది.

ఇంకో కాయ కోశాను.