నలుపుకూ పసుపుకూ మధ్య ఆకుపచ్చ పోగు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే 1985 ఆగస్టు 22, గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, మా అవ్వ నా చేతిలో నాలుగు రంగుల నూలు ముక్కలు పెట్టింది. అప్పటికి మా అక్క ప్రసవించి గంటా నలభై నిమిషాలైంది. నాకు తొమ్మిదేళ్లు. ఎమ్మిగనూరులో మాది నేత ఇల్లు. ముందు గదిలో మగ్గం ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడు ఆగిపోతే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని మాకు తెలిసిపోయేది.

మా నాన్న పాత పంచెలు చించి అవ్వ పన్నెండు పొత్తిగుడ్డలు సిద్ధం చేసింది. వాటి లెక్క నా వంతు. బిడ్డ గుడ్డ తడిపిన ప్రతిసారీ ఉయ్యాల తాడుకు ఒక తెల్ల పోగు ముడి వేయాలి. దొడ్డికి పోతే ఆ రంగు పోగు కట్టాలి. మొదట తారులాంటి నలుపు వస్తుందనీ, తర్వాత ఆకుపచ్చ, ఆపైన ఆవపిండిలాంటి పసుపు వస్తుందనీ అవ్వ చెప్పింది. పసుపు వచ్చిందంటే బిడ్డ కడుపులోకి పాలు బాగా పోతున్నట్టే. తెల్ల పోగులు మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, ఇలా రోజుకొకటి పెరగాలి. ఆరో రోజు నుంచి ఆరుకు తగ్గకూడదు. ఆరుగురు పిల్లల్ని పెంచిన ఆమె ఈ లెక్కను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేతపని తెలిసిన మనిషి కాబట్టి, లెక్క ఏదైనా పోగుల్లోనే చూసేది.

ఆ రోజులు ఇప్పటికీ నాకు కలలాగే కనిపిస్తాయి. పెరట్లో దండెం మీద గుడ్డలు ఆగస్టు గాలికి ఉబ్బి, తెల్లని కడుపులతో తేలుతూ ఉండేవి. చీర ఉయ్యాల ఊగినప్పుడల్లా తాడుకు కట్టిన పోగులు కూడా ఊగేవి. వాటిని చూస్తూ చూస్తూ నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. ఆ పాపాయి పెరగడం నా ముడులతోనే జరుగుతోందని గట్టిగా నమ్మాను.

గురువారం ఒక తెల్ల పోగు, ఒక నల్ల పోగు. శుక్రవారం రెండు తెల్లవి, ఒక నల్లది. శనివారం మూడు కావలసిన చోట రెండే తెల్లవి. ఆ సాయంత్రం పక్కింటి అత్త వచ్చి ఉయ్యాల్లోకి తొంగి చూసింది.

"ఏందత్తా, బిడ్డ ఇట్ల ఎండిపోయింది? నీ మనవరాలికి పాలు సాలవు గానీ, డబ్బా పాలు పట్టండి" అని అవ్వతో అంది.

"నీ కండ్లకు ఎద్దు గూడా ఎండిపోయినట్లే కనపడతాది పోమే. రేపటిదాకా సూస్తాం" అని అవ్వ నవ్వి పంపేసింది. కానీ ఆ మాట అక్క చెవిన పడింది. పొద్దుగూకాక నన్ను పిలిచి, "ఈ పొద్దు ఎన్ని పోగులే?" అని అడిగింది. రెండన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదలడం చూశాను.

మరునాడు ఆదివారం. ఉదయం ఒక గుడ్డ తడిసింది, మధ్యాహ్నం ఒకటి. రెండో దానిమీద ఇటుకపొడి రాలినట్టు ఎర్రటి మరక ఉంది. దానికి నా దగ్గర ఏ రంగు పోగూ లేదు. అందుకని సబ్బు పెట్టి రుద్ది, ఎవరికీ చెప్పకుండా ఆరేశాను. దొడ్డి అసలు లేదు. పాప ఏడవడం కూడా తగ్గింది. ఎంత మంచి పాపో అనుకున్నాను. సాయంత్రం ఆరు గంటలకు అక్క నన్ను పిలవకముందే ఉయ్యాల దగ్గరికి వెళ్లి, లేని రెండు తెల్ల పోగులు ముడి వేశాను. నాలుగో రోజుకు నాలుగు, లెక్క సరిపోయింది. చేతిలో పసుపు పోగు మిగిలి ఉంది. అది చూస్తే అక్క సంతోషిస్తుంది కదా. అదీ కట్టాను.

అక్క ఆ పసుపును వేళ్ల మధ్య పట్టుకొని చాలాసేపు చూసింది. ఆ రాత్రి నవ్వుతూ నిద్రపోయింది. ఇంత సులభంగా ఒక మనిషిని సంతోషపెట్టవచ్చా అని నేను ఆశ్చర్యపోయాను.

సోమవారం ఉదయం ఆరున్నరకు అవ్వ తాడు ముందు నిలబడింది. పోగుల్ని కింది నుంచి పైకి వేలితో తడుముతూ పోయి, ఒకచోట ఆగింది.

"పాపా, ఇట్ల రా. నలుపైనాక పసుపొచ్చింది. నడుమ ఆకుపచ్చ యాడమే?"

 ఆమె పెరట్లోకి వెళ్లి దండెం చూసింది. నాలుగు గుడ్డలు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి. బుట్టలో మడత పెట్టినవి తొమ్మిది, బిడ్డ ఒంటిమీద ఒకటి. మొత్తం పన్నెండూ కనబడ్డాయి.

"నిజం సెప్పు. ఎన్ని తడిసినాయి?"

"రెండే అవ్వా. ఇంగ... ఒగ దాని మీద ఇటికిపొడి మాదిరి ఎర్రగా ఉండె. ఉతికేసినా."

అవ్వ ముఖం మారింది. ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి, అరికాలు గిల్లింది. పాప కళ్లు తెరవలేదు. ఏడవాలన్న సత్తువ లేక ఊరుకున్న బిడ్డను మంచి పాప అనుకున్నానని అప్పుడు అర్థమైంది. లోపల మగ్గం ఆగింది.

నన్ను కొట్టలేదు, నా దగ్గరి నూలు తీసుకొని కొంగున ముడి వేసుకుంది. అక్కనూ బిడ్డనూ తీసుకొని ఎక్కిన ఆదోని బస్సులో నన్ను పక్కనే కూర్చోబెట్టుకొని, కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ మెల్లగా చెప్పింది. "సీరలో పోగు తప్పితే విప్పి మల్లా నేస్తాం మే. బిడ్డను యాడ విప్పుతాం?"

ఆదోనిలో పిల్లల డాక్టరమ్మ బిడ్డను తూచి, పెదవులు తడిమి చూసింది. అక్కకు పాలు లేకపోవడం కాదు, బిడ్డ చనుమొన చివర మాత్రమే పట్టుకోవడంతో పాలు అందడం లేదని, ఆ ఎర్ర మరక దానికి గుర్తేనని చెప్పింది. నోరు పెద్దగా తెరిచినప్పుడు దగ్గరికి ఎలా తీసుకోవాలో చూపించింది. పిండిన పాలను రెండు గంటలకొకసారి చెంచాతో పట్టించి, మూడు రోజులు అక్కడే ఉంచుకుంది. ఐదో రోజుకూ నలుపు మారకపోయినా, తడి గుడ్డలు తగ్గినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా ఒక్క పూట కూడా ఆగవద్దంది. దొడ్డి సున్నంలా తెల్లగా వచ్చినా, నెత్తురు కనబడినా అంతేనంది. "నిన్న సాయంత్రమే తెచ్చి ఉంటే బాగుండేదమ్మా" అని అవ్వతో అన్నప్పుడు, అవ్వ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడం నాకు బాగా గుర్తు.

మంగళవారం మూడు గుడ్డలు తడిశాయి. బుధవారం ఐదు. ఆ మధ్యాహ్నం ఆకుపచ్చ వచ్చింది. అవ్వ కొంగుముడి విప్పి, ఆకుపచ్చ నూలు నా అరచేతిలో పెట్టింది. ఇక నాకు ఇవ్వదనుకున్నాను. ఆసుపత్రి మంచం కమ్మికి ముడి వేశాను. గురువారం ఆరు తడి గుడ్డలు, పదకొండు గంటలకు నిజమైన పసుపు. అక్క ఈసారి పోగు చూడలేదు, గుడ్డనే చూసి నవ్వింది.

రెండో నెలలో నాలుగు రోజులు దొడ్డి లేకపోతే పక్కింటి అత్త ఆముదం తెచ్చింది. అవ్వ రోజుకు ఏడేసి ఉన్న తెల్ల పోగులు చూపించి, హాయిగా పాలు తాగుతున్న బిడ్డను చూపించి, ఆముదాన్ని వెనక్కి పంపింది. ఐదో రోజు మెత్తగా పసుపు వచ్చింది.

కిందటి నెల నా కూతురు ఆదోనిలో ప్రసవించింది. ఇప్పటి డైపర్లు తడిని దాచేస్తాయి. అందుకని ఒక పొడి డైపరు పక్కన పెట్టి, తీసిన ప్రతిదాన్నీ దానితో పోల్చి చేత్తో తూచి చూసి రాసుకున్నాను. మూడో రోజు ఒకటి తగ్గింది. నా కూతురు ఆశగా నా ముఖంలోకి చూసింది. రెండే అని చెప్పాను. వెంటనే ఆసుపత్రికి వెళ్లాం. ఆమె కాస్త ఏడ్చింది, బిడ్డ కోలుకుంది.

అవ్వ ఆ సోమవారం ఉయ్యాల తాడు నుంచి విప్పిన మూడు పోగులూ నా దినచర్య పుస్తకంలోనే ఉన్నాయి.

పోయినవి: పన్నెండున్నర గంటలు. అవ్వ నా మాటను మళ్లీ చూసుకోకుండా నమ్మిన రోజులు.

మిగిలినవి: తెల్ల పోగులు రెండు, పసుపు పోగు ఒకటి. ఎమ్మిగనూరులో బడి పంతులమ్మగా ఉన్న, నన్ను చిన్నమ్మా అని పిలిచే మనిషి ఒకరు.