దేవుడి చేతి బిగింపు

"దేవుడే. కాదని నేనన్నానా? దేవుణ్ణి పీట మీద కూర్చోబెట్టు, సింకు కింద దూర్చకు."

హాల్లోంచి కొడుకు గొంతు. వంటగదిలో సింకు కింద మెడ వంచుకుని కూర్చున్న ప్లంబరు పెద్దాయనకి ఆ దేవుడెవరో ఒకరు చెప్పక్కర్లేదు.

"మెల్లగా మాట్లాడరా. ఆయన లేకపోతే ఈపాటికి నేను గోడ మీద ఫోటోనయ్యేదాన్ని," అంది తల్లి.

అది నిజమే. ఒకప్పుడు ఆయన ఇదే ఇంట్లో పైపు మారుస్తుండగా, ఆవిడ గడియపెట్టుకున్న స్నానాలగదిలో గీజరు గ్యాసు పట్టి పడిపోయింది. రెంచితో తలుపు పగలగొట్టి, భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. ఆ రోజుతో సొంత పేరు మరుగునపడి దేవుడైపోయాడు. ఆవిడ చెప్పగా చెప్పగా వీధంతా అదే పిలుపు. మొదట్లో ఆ మాటకి ముడుచుకుపోయేవాడు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఎవరైనా ఉత్త మేస్త్రీ అని పిలిస్తే ఏదో తక్కువైనట్టుండేది. మునగచెట్టు ఎక్కించినవాళ్ళని అని ఏం లాభం, దిగనివాడు తనైతే?

ఇవాళ ఆయన్ని ఎవరూ పిలవలేదు. మొన్న బిగించిన పైపు ఎలా ఉందో చూసిపోదామని తనంతట తానే వచ్చాడు. తడిమి చూశాడు. పొడిగా ఉంది. మురిసిపోబోయి ఆగాడు. నీళ్ళు కారకుండా పైపు మరల మీద తను ఎప్పుడూ నూలే చుడతాడు. ఇక్కడ తెల్ల టేపు ఉంది. ఎవరో విప్పి మళ్ళీ బిగించారు.

"ఆయన బిగించిన మూడుసార్లూ కారింది," అంటున్నాడు కొడుకు. "మూడుసార్లూ చాటుగా వేరే కుర్రాణ్ణి పిలిపించావు. ఈయనకి కళ్ళు ఆనట్లేదు, చేతులు వణుకుతున్నాయి. ఆ ముక్క ఒక్కరూ చెప్పరేం?"

"దేవుడికి తప్పులు చెప్తామా ఎక్కడైనా?"

పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. వణుకు సంగతి తనకి తెలీదా? తెలుసు. ఎవరూ ఏమీ అనట్లేదు కదా, పని బాగానే ఉందిలే అనుకుంటూ వచ్చాడు. కారినా అనరని ఇప్పుడు తెలిసింది. నీళ్ళ పైపు కారితే నేల తడుస్తుంది, గుడ్డతో తుడుచుకుంటారు. గీజర్లకి గ్యాసు పైపులు కూడా ఈ చేతులే బిగించాయి. అవి కారితే పోయేది ప్రాణాలే.

మంచినీళ్ళకని వంటగదిలోకి వచ్చిన కొడుకు ఆయన ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అమ్మతో ఏదో మాటవరసకి అన్నానంటూ సర్దబోయాడు. పెద్దాయన రెంచి సంచీలో వేసి, నేల చూస్తూ అన్నాడు:

"బాబూ, నువ్వైనా అన్నావు, మంచిపని చేశావు. ఆ కుర్రాణ్ణి ఒక్కసారి నాతో పంపించు. నేను గ్యాసు బిగించిన ఇళ్ళన్నీ చూపిస్తాను, ఒక్కోటీ విప్పి చూస్తాడు. ఆ ఇళ్ళలోనూ నన్ను దేవుడనే అంటారు, వాళ్ళూ చెప్పరు. సంచీ నేను మోస్తానని చెప్పు."