కొట్టిన పట్టీలో కౌజు కూత

అయిదేళ్ళ క్రితం నేనిచ్చిన ఒక సలహా ఎలా తేలిందో చూసి రావడానికి చేసిన ప్రయాణం ఇది. అప్పట్లో నేను చౌడేపల్లె దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఊరుమ్మడి గుట్టను అక్కడివాళ్ళు ఆరు పట్టీలుగా పంచుకుని, ఏడాదికొక పట్టీలో బందారు పొదలు కొట్టి టమోటా చెట్లకు ఊతకట్టెలుగా వాడుకునేవాళ్ళు. జానెడు మోడు వదిలేవాళ్ళు కాబట్టి ఆరో పట్టీ కొట్టేసరికి మొదటిది మళ్ళీ కట్టెకు వచ్చేది. నాకు ఆ లెక్క పట్టలేదు. బోసిపోయిన పట్టీ ఒకటి కనిపించేసరికి మనసు చివుక్కుమంది. అడవిని నరికితే పిట్టలు ఎక్కడికి పోతాయని ఊరందరికీ నచ్చజెప్పాను. టీచరమ్మ చెప్పిందని ఊరు కత్తి పక్కన పెట్టింది. నేను కుప్పానికి బదిలీ అయి, మంచిపని చేశానని సంబరపడుతూ ఉండిపోయాను.

మూడేళ్ళ తరువాత రెడ్డప్ప ఫోన్ చేశాడు. ఆ గుట్ట కిందే టమోటా పండించే రైతు, నా దగ్గర చదివిన పాపకు తండ్రి. "మేడమ్, గుట్టలో కౌజు కూత ఇనపడి ఏడాదయింది" అన్నాడు. కౌజు నేలమీద గూడు పెట్టే పిట్ట, కోడిపెట్టలో సగం ఉంటుంది. పక్షుల మీద పరిశోధన చేసే ఒకాయన వచ్చి చూసి, పొదలు ముదిరి నీడ కమ్మేసిందని, కింద గడ్డి చచ్చిపోయిందని, కౌజుకు కావలసింది లేత పొద అని చెప్పాడట. ఊరు మళ్ళీ కత్తి పట్టి పోయిన ఎండాకాలం ఒక పట్టీ, ఈ ఎండాకాలం ఇంకొకటి కొట్టింది. మొన్న మళ్ళీ ఫోన్. "ఒకతూరి ఇన్నట్టుండాది, నమ్మకం లేదు. మీరొచ్చి ఇనండి" అన్నాడు.

కుప్పంలో అయిదున్నర బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. వి.కోట మీదుగా పలమనేరు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. అక్కడ ఇడ్లీ తిని పుంగనూరు బస్సు ఎక్కితే గంగవరం దాటాక దారి పొడవునా టమోటా తోటలే. మదనపల్లె వైపునుంచి వచ్చేవాళ్ళకు ఇంత తిరుగుడు లేదు, నేరుగా పుంగనూరుకు గంటలోపే రావచ్చు. పుంగనూరులో మస్తాన్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. ఊరిదాకా మూడు వందలు అడిగి రెండువందల యాభైకి ఒప్పుకున్నాడు.

"ఆ గుట్టకాడ ఏముండాది మా, ముళ్ళకంప తప్ప?" అన్నాడు మస్తాన్.

"కౌజులు ఉన్నాయేమో చూడాలి."

"కౌజుల కోసరం కుప్పం నుంచి వస్తాండారా?" అని అద్దంలో నన్నొకసారి ఎగాదిగా చూశాడు.

రెడ్డప్ప భార్య లక్ష్మమ్మ రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. నేను భయపడినట్టే కట్టెల మాట ఎత్తింది. "మీ మాట ఇని మూడేండ్లు కట్టెలు బయట కొన్న్యాం. మీరు పాఠం చెప్తే మాకు కర్చు మా" అని నవ్వింది. నేను తలొంచుకుని సంగటి ముద్ద మింగాను. పెట్టే చెయ్యి మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఎండ చల్లబడ్డాక నాలుగున్నరకు గుట్ట ఎక్కాం. ముందు తగిలింది అప్పట్లో నేను కొట్టనివ్వకుండా కాపాడిన పట్టీ. పొదలు నా తలను దాటి ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి. చూడ్డానికి ఎంతో పచ్చగా ఉంది. వంగి లోపలికి చూస్తే గడ్డిపరక లేని బోడి నేల. పక్కనే పోయిన ఏడు కొట్టిన పట్టీ నడుమెత్తున చిగురేసి, మోడుల మధ్య గడ్డి, గడ్డిలో మిడతలతో సందడిగా ఉంది.

"ఈడ కూసోండి. గమ్మునుండల్ల" అన్నాడు రెడ్డప్ప.

ముప్పావుగంట కూర్చున్నాం. ఆషాఢం గాలి తప్ప చప్పుడు లేదు. అయిదుంబావు దాటింది. ఇక రాదేమో, ఒక గుట్టను చేజేతులా మూగదాన్ని చేశానేమో అనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాను. అప్పుడు లేత పొదల్లోంచి కటీలా కటీలా అని మొదలైంది. ఇంకాస్త అవతలనుంచి మరొకటి బదులు పలికింది. కాసేపటికి ఒక పెట్ట తల నిక్కించి చూసి, వెనక నాలుగు పిల్లలతో మా ముందు బాట దాటి గడ్డిలో దూరింది. గుండెల మీదనుంచి బండ దించినట్టయింది.

"సూస్తిరా మేడమ్? ఈడనే పొదిగుండాది" అన్నాడు రెడ్డప్ప మెల్లగా. "ఇంక ఏడవాల్సిన పన్లేదు."

"అయితే వచ్చే ఎండాకాలం ఏ పట్టీ కొడతారప్పా?"

"మీరు ఆపించిన పట్టీనే. రాండి, మొదటి కొమ్మ మీరే కొడుదురు."

సాయంత్రం రమ్మని చెప్పిన మస్తాన్ ఆటో ఆరున్నరకు వచ్చింది. "ఉండాయా మా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. తిరుగుదారిలో నాకు ఎక్కడలేని ఆకలేసింది, పుంగనూరులో రెండు దోసెలు తిన్నాను. పచ్చగా ఉన్నదంతా బాగున్నట్టు కాదని పాఠం చెప్పాల్సినదాన్ని, ఊరి చేత చెప్పించుకుని వచ్చాను. లక్ష్మమ్మ నవ్వుతూ అన్న ఆ కట్టెల మాట తప్ప వాళ్ళు నన్ను ఒక్క మాట అనకపోవడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మీరూ వెళ్ళాలనుకుంటే వానలు మొదలయ్యాక వెళ్ళండి, సాయంత్రం నాలుగున్నరకల్లా గుట్టమీద ఉండండి. కొట్టేసిన పట్టీ కనిపిస్తే ఎవరినీ ఏమీ అనకముందు, దాని పక్కన అంతకుముందు ఏడు కొట్టిన పట్టీలో ఒక గంట గమ్మున కూర్చోండి. అయిదేళ్ళ కిందట నేను కూర్చోలేదు.